హైదరాబాదు విలీనకాలంలో రాజకీయ విధేయతలు

1947 జూన్ నుండి 1948 సెప్టెంబరు వరకు హైదరాబాదు రాజ్యప్రజలు ఎవరి పక్షాన నిలవాలనే విషయంలో పలు పాయలుగా చీలిపోయారు. రాజ్యం నిజాము ఏలుబడిలో స్వతంత్రంగా ఉండాలని కొందరు కోరారు. భారతదేశంలో చేరాలని మరికొందరు కోరారు. రాజరికంతో పాటు దొరతనాన్ని కూడా కూలదోయాలని ఇంకొందరు ఆయుధం పట్టారు. ఈ చీలికను హిందూ-ముస్లిం తగాదాగా చెప్పడం వాడుకలో ఉన్నది. కాని ప్రతి మతంలోను, దాదాపు ప్రతి వర్గంలోను రెండు పక్షాలవారూ కనిపిస్తారు. రాజధానిలోని మొఘల్‌పురా, శాలిబండ, గౌలిపురా వంటి పాతబస్తీ పేటలలో ఈ చీలిక ఇరుగుపొరుగు మధ్యనే నడచినది.

మొఘల్‌పురా, పాతబస్తీ

మొఘల్‌పురా చార్మినారుకు దక్షిణంగా, పాత నగరపు కోటగోడ లోపలి భాగంలో ఉన్న పేట. శాలిబండ (షా అలీ బండ), హరిబౌలి, గౌలిపురా, లాల్‌దర్వాజా దీనికి సమీపంలోని పేటలు. ఈ ప్రాంతపు జనాభాలో వేర్వేరు కాలాలలో వేర్వేరు చోట్ల నుండి వచ్చి స్థిరపడినవారి పాలు చాలా ఎక్కువ. 1724లో అసఫ్‌జాహీ వంశం దక్కనులో పాలన స్థాపించినపుడు ఉత్తరాది నుండి ముస్లిం కుటుంబాలతో పాటు కాయస్థులు, ఖత్రీలు కూడా వచ్చి లెక్కలు, రెవెన్యూ కొలువులలో కుదురుకొన్నారు. నిజాము సైన్యంలో పనిచేయుటకు హద్రమౌత్ (నేటి యెమెన్‌లోని ప్రాంతం) నుండి అరబ్బులు, వాయవ్య ప్రాంతాల నుండి పఠానులు, ఆఫ్రికా నుండి సిద్దీలు వచ్చారు. అరబ్బు సైనికుల నివాసాల వలననే నగరానికి దక్షిణాన ఉన్న బార్కాస్‌కు ఆ పేరు వచ్చినది. అది బ్యారక్స్ అనే మాటకు స్థానిక రూపం. వీరందరికంటే ముందు నుండి తెలుగువారు ఇక్కడ ఉండనే ఉన్నారు.

వలసవచ్చిన కుటుంబాలకు రాజే అన్నదాత. ఉద్యోగం, జాగీరు, వృత్తిభత్యం అన్నీ దర్బారు నుండే వచ్చేవి. అందువలన రాజభక్తి వారికి ఒక రాజకీయ అభిప్రాయం మాత్రమే కాదు, బ్రతుకుతెరువు కూడా. మరొక వైపు, మూసీనదికి ఆవలి ఒడ్డున ఉన్న రెసిడెన్సీ బజారు 1933 వరకు బ్రిటిషు రెసిడెంటు అధికారం క్రింద ఉండేది. నిజాము ఆంక్షలు అక్కడ సాగేవి కావు. గ్రంథాలయాలు, సభలు, పత్రికల పనులు అక్కడ పెరిగాయి. 1901లో స్థాపించబడిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం కూడా ఆ ప్రాంతంలోనిదే. రెసిడెన్సీ బజారు నిజాముకు తిరిగి దక్కిన తరువాత దానికి సుల్తాన్‌బజారు అని పేరు పెట్టారు. నది ఈ ఒడ్డున దర్బారు నగరం, ఆ ఒడ్డున రాజకీయ నగరం అన్నట్లుగా ఉండేది.

నేపథ్యం

హైదరాబాదు రాజ్య విస్తీర్ణం సుమారు 82,700 చదరపు మైళ్ళు. 1941 జనాభా లెక్కల ప్రకారం సుమారు 1 కోటి 63 లక్షలమంది ప్రజలు ఉండగా, వారిలో ముస్లిములు దాదాపు 13 శాతం. తెలుగు మాట్లాడేవారు సుమారు సగం, మరాఠీ మాట్లాడేవారు సుమారు నాలుగవవంతు, మిగిలినవారిలో కన్నడ, ఉర్దూ మాట్లాడేవారు ముఖ్యులు. పాలనాభాష, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనాభాష ఉర్దూ. పెద్ద ఉద్యోగాలలో ముస్లిములు, అందులోను నగరవాసులు అధికం.

రాజ్యంలో పాత చీలిక మతానికి సంబంధించినది కాదు. అది ముల్కీ, గైర్‌ముల్కీ తేడా. ముల్కీ అనగా స్థానికుడు, గైర్‌ముల్కీ అనగా బయటివాడు. ఉత్తరాది నుండి వచ్చి ఉద్యోగాలు పొందుతున్నవారిపై స్థానిక ముస్లిములు, హిందువులు కలిసి అభ్యంతరం చెప్పేవారు. 1930వ దశకంలో నిజాం సబ్జెక్ట్స్ లీగు ఈ భావంతోనే ఏర్పడినది. అప్పట్లో దక్కనీ అనిపించుకొనుటకు మతం అడ్డుకాలేదు.

1938లో పరిస్థితి మారినది. ఆ సంవత్సరం ఏర్పడిన హైదరాబాదు స్టేట్ కాంగ్రెసును ప్రభుత్వం నిషేధించినది. ఆర్యసమాజం సత్యాగ్రహానికి దిగినది. ఉస్మానియా విద్యార్థులు వందేమాతరం ఉద్యమం నడిపారు. 1927లో ప్రారంభమైన మజ్లిస్-ఎ-ఇత్తెహాదుల్ ముస్లిమీన్‌కు బహదూర్ యార్ జంగ్ అధ్యక్షుడై దానిని బలమైన రాజకీయ సంస్థగా మార్చాడు. రాజ్యాధికారం దక్కను ముస్లిం సమాజానిదని, నిజాము దానికి ప్రతీక అని ఆ సంస్థ బోధించినది. ఈ సిద్ధాంతం ప్రకారం చార్మినారు వద్ద రిక్షా లాగే పేద ముస్లిము కూడా పాలకుడే. కడుపు నింపకపోయినా గౌరవం ఇచ్చిన ఆ మాట పాతబస్తీ పేదలలో బాగా నాటుకొన్నది. 1944లో బహదూర్ యార్ జంగ్ మరణించాడు. 1946లో లాతూరు న్యాయవాది ఖాసిం రజ్వీ అధ్యక్షుడైన తరువాత ఆ సంస్థ స్వచ్ఛందదళమైన రజాకార్లు పెద్దయెత్తున పెరిగి, ఆయుధాలు ధరించారు.

స్వాతంత్ర్యం అనే మాటకు రెండు అర్థాలు

1947 జూన్‌లో ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ తన రాజ్యం భారతదేశంలోను, పాకిస్తానులోను చేరదని ప్రకటించాడు. బ్రిటిషువారి సార్వభౌమత్వం తొలగగానే హైదరాబాదు స్వతంత్ర రాజ్యమవుతుందని అతని వాదం. ఆ విధంగా 1947లో రెండు పక్షాలవారూ స్వాతంత్ర్యం అనే మాటనే వాడారు. ఒకరికి అది ఆజాద్ హైదరాబాదు, రెండవవారికి నిజాము పాలన నుండి విముక్తి.

1947 ఆగస్టు 7న స్టేట్ కాంగ్రెసు భారతదేశంలో చేరిక కోరుతూ ఉద్యమం ప్రారంభించినది. ఆగస్టు 15న స్వామి రామానంద తీర్థ సుల్తాన్‌బజారులో జాతీయపతాకం ఎగురవేసి అరెస్టయ్యాడు. అక్టోబరు 27న, యథాతథ ఒప్పందం కొరకు ఢిల్లీ వెళ్ళవలసిన నిజాము ప్రతినిధుల ఇళ్ళను రజాకార్లు ముట్టడించి ప్రయాణం ఆపివేశారు. ప్రధానమంత్రి ఛత్తారీ నవాబు పదవి వదులుకొన్నాడు. మీర్ లాయక్ అలీ అతని స్థానంలోకి వచ్చాడు. నవంబరు 29న ఒక సంవత్సరం గడువుతో యథాతథ ఒప్పందం కుదిరినది. డిసెంబరు 4న ఆర్యసమాజ యువకుడు నారాయణరావు పవార్ నిజాము కారుపై బాంబు వేశాడు. నిజాముకు ప్రమాదం జరుగలేదు.

1948లో సరిహద్దు గ్రామాలలో దాడులు, ఎదురుదాడులు పెరిగాయి. రజాకార్ల దౌర్జన్యానికి తాళలేక వేలాది హిందూ కుటుంబాలు సరిహద్దు దాటి పోయాయి. అదే సమయంలో మధ్యపరగణాలు, బేరారు మొదలైన చోట్ల నుండి భయంతో వచ్చిన ముస్లిం కుటుంబాలు హైదరాబాదు నగరంలో తలదాచుకొన్నాయి. తటస్థంగా ఉండాలనుకొన్నవారికి చోటు తగ్గిపోతూ వచ్చినది.

ముస్లిములలో చీలిక

రజాకార్లను వ్యతిరేకించిన ముస్లిములలో మొదట చెప్పుకోదగినవారు ఉన్నతోద్యోగులు. 1946-47లో ప్రధానిగా పనిచేసిన సర్ మీర్జా ఇస్మాయిల్ భారతదేశంతో రాజీ అవసరమని భావించాడు. మజ్లిస్ వ్యతిరేకత నడుమ అతడు పదవి నుండి తప్పుకొన్నాడు. నిజాము సలహాదారులలో ఒకడైన అలీ యావర్ జంగ్ కూడా 1947లో ప్రభుత్వం నుండి వైదొలిగాడు. ఇతడు తరువాతి కాలంలో భారత రాయబారిగాను, మహారాష్ట్ర గవర్నరుగాను పనిచేశాడు.

నాందేడు జిల్లాలో తహశీల్దారుగా ఉన్న ఫరీద్ మీర్జా తన ప్రాంతంలో రజాకార్ల చర్యలను చూసి ఉద్యోగానికి రాజీనామా చేశాడు. 1948 ఆగస్టులో అతడు, మంజూర్ యార్ జంగ్, బాఖర్ అలీ మీర్జా, ముల్లా అబ్దుల్ బాసిత్ మొదలైన ఏడుగురు ముస్లిములు కలిసి ఒక ప్రకటన చేశారు. రజాకార్ల దళాన్ని రద్దుచేయాలని, భారతదేశంలో చేరాలని అందులో కోరారు. ఆ రోజులలో ముస్లిములు పేర్లు పెట్టి ఇటువంటి ప్రకటన చేయడం ప్రాణాలకు తెగించిన పని.

ఈ ప్రకటనను ప్రచురించిన ఉర్దూ పత్రిక ఇమ్రోజ్. దాని సంపాదకుడు షోయబుల్లాఖాన్. అతడు మహబూబాబాదు ప్రాంతంలోని సుబ్రవేడులో 1920లో జన్మించాడు. మందుముల నరసింగరావు నడిపిన రయ్యత్ పత్రికలో పనిచేశాడు. ప్రభుత్వం రయ్యత్‌ను మూయించిన తరువాత, బూర్గుల రామకృష్ణారావు తదితరుల సహాయంతో 1947 నవంబరులో ఇమ్రోజ్‌ను ప్రారంభించాడు. విలీనాన్ని సమర్థిస్తూ, రజాకార్లను విమర్శిస్తూ వ్రాశాడు. 1948 ఆగస్టు 21 రాత్రి కార్యాలయం నుండి ఇంటికి వెళుతుండగా కాచిగూడ ప్రాంతంలో దుండగులు అతనిపై దాడిచేసి, కాల్చి, చేయి నరికారు. వెంట ఉన్న బావమరిది ఇస్మాయిల్‌ఖాన్ కూడా గాయపడ్డాడు. 22వ తేదీ తెల్లవారుజామున షోయబుల్లాఖాన్ మరణించాడు. అప్పటికి అతని వయస్సు 28 సంవత్సరాలు కూడా నిండలేదు.

హిందువులలో చీలిక

హిందువులందరూ విలీనాన్ని కోరలేదు. లాయక్ అలీ మంత్రివర్గంలో ఉపప్రధాని పింగిళి వెంకట్రామారెడ్డి. తెలంగాణ గ్రామాలలో భూములపై పెత్తనం చేసిన దేశ్‌ముఖులు పెక్కుమంది హిందువులే. రైతుకూలీల తిరుగుబాటును అణచుటకు వారిలో కొందరు నిజాము పోలీసులను, రజాకార్లను ఆశ్రయించారు. విసునూరు దేశ్‌ముఖు రామచంద్రారెడ్డి ఇందుకు పేరుపొందిన ఉదాహరణ. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణం తీసినది అతని మనుషుల తుపాకి గుండే. 1940లో కామారెడ్డిగూడెంలో అదే దొరతనానికి ఎదురు నిలచి హతుడైన షేక్ బందగీ ముస్లిం రైతు. అనగా విసునూరు పరిసరాలలో బాధితులు ముస్లిము, హిందువు ఇద్దరూ ఉన్నారు, దొర మాత్రం ఒక్కడే.

నగరంలోని కాయస్థ, ఖత్రీ కుటుంబాల స్థితి వేరు. వీరు ఉర్దూ, ఫారసీ సాహిత్యాలలో ఆరితేరినవారు, దర్బారు సంస్కృతిలో పెరిగినవారు. రెండుసార్లు ప్రధానమంత్రిగా పనిచేసిన మహారాజా కిషన్‌పెర్షాద్ (మరణం 1940) ఈ సంస్కృతికి ప్రతీక. శాలిబండలోని అతని దేవిడీ పేరుగాంచినది. ఆ రాజభక్తి సంప్రదాయం ఒకవైపు ఉండగా, అదే పాతబస్తీలోని గౌలిపురాలో 1918లో జన్మించిన రాజ్ బహదూర్ గౌడ్ వైద్యవిద్య చదివి, కమ్యూనిస్టు నాయకుడై అజ్ఞాతవాసానికి వెళ్ళాడు. ఆర్యసమాజ నాయకుడు పండిత్ నరేంద్రజీ నిజాము ప్రభుత్వాన్ని ఎదిరించి జైలుపాలయ్యాడు.

దళిత నాయకులలో చీలిక

దళిత నాయకుల ఎదుట ఉన్న ప్రశ్న మరింత కఠినమైనది. భారతదేశంలో చేరితే అధికారం అగ్రకుల హిందువుల చేతికి పోవునని కొందరు భయపడ్డారు. బి.ఎస్.వెంకటరావు లాయక్ అలీ మంత్రివర్గంలో మంత్రిగా చేరాడు. నిజాము ప్రభుత్వం అణగారిన కులాల అభ్యున్నతికి కోటి రూపాయల నిధిని కేటాయించినది. శ్యాంసుందర్ 1948లో ఐక్యరాజ్యసమితికి వెళ్ళిన హైదరాబాదు ప్రతినిధివర్గంలో సభ్యుడు. మరొక వైపు జె.సుబ్బయ్య, అరిగె రామస్వామి, ఎం.ఆర్.కృష్ణ మొదలైనవారు నిజాము పక్షాన్ని తిరస్కరించారు. డాక్టర్ బి.ఆర్.అంబేద్కర్ 1947 నవంబరులో చేసిన ప్రకటనలో హైదరాబాదు షెడ్యూల్డు కులాలవారు నిజాము వైపు నిలవరాదని కోరాడు. ఇరుపక్షాలవారూ తమ సమాజపు మేలునే కారణంగా చెప్పారు.

కమ్యూనిస్టులు

1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ నిజాముకు వ్యతిరేకంగా సాయుధపోరాటానికి పిలుపునిచ్చారు. వీరిలో మఖ్దూం ప్రసిద్ధ ఉర్దూ కవి, మూసీ ఒడ్డునున్న సిటీ కాలేజీలో అధ్యాపకుడుగా పనిచేసినవాడు, కార్మిక సంఘాల నిర్మాత. 1939 ప్రాంతంలో ఏర్పడిన కామ్రేడ్స్ అసోసియేషన్‌లో హిందూ, ముస్లిం యువకులు కలిసి పనిచేశారు.

1948 మే నెలలో లాయక్ అలీ ప్రభుత్వం కమ్యూనిస్టు పార్టీపై నిషేధాన్ని తొలగించినది. ఇది పార్టీని ఇరకాటంలో పెట్టినది. నిజాముతో చేతులు కలిపారని ప్రత్యర్థులు ఆరోపించారు. భారతసైన్యం ప్రవేశించిన తరువాత పోరాటం ఆపాలా, భారతప్రభుత్వంపై కొనసాగించాలా అన్న ప్రశ్న పార్టీనే చీల్చినది. రావి నారాయణరెడ్డి మొదలైనవారు విరమణను కోరారు. పోరాటం మాత్రం 1951 అక్టోబరు వరకు కొనసాగినది.

పోలీసు చర్య

హైదరాబాదు ప్రభుత్వం 1948 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి ఫిర్యాదు చేసినది. దానిపై చర్చ పూర్తికాకముందే, సెప్టెంబరు 13న భారతసైన్యం హైదరాబాదు రాజ్యంలో ప్రవేశించినది. సైనికపరంగా దీని పేరు ఆపరేషన్ పోలో. ఇది దేశపు అంతర్గత వ్యవహారమని తెలుపుటకు భారతప్రభుత్వం పోలీసు చర్య అనే పేరు వాడినది. సెప్టెంబరు 17న నిజాము కాల్పుల విరమణ ప్రకటించాడు. 18న హైదరాబాదు సైన్యాధిపతి సయ్యద్ అహ్మద్ ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్.చౌదరికి లొంగిపోయాడు. ఎల్ ఎద్రూస్ హద్రమౌత్ నుండి వచ్చిన అరబ్బు వంశీకుడు. చౌదరి సైనిక గవర్నరుగా బాధ్యతలు స్వీకరించాడు.

పర్యవసానాలు

విధేయతకు చెల్లించవలసి వచ్చిన మూల్యం ఒక లెక్క ప్రకారం లేదు. రాజ్యాధినేత అయిన నిజాము 1950 జనవరి 26 నుండి 1956 వరకు రాజప్రముఖ్‌గా ఉన్నాడు. లాయక్ అలీ 1950 మార్చిలో గృహనిర్బంధం నుండి తప్పించుకొని పాకిస్తాను చేరాడు. ఖాసిం రజ్వీ 1957 వరకు జైలులో ఉండి, విడుదల కాగానే పాకిస్తాను వెళ్ళిపోయాడు.

అసలు బాధ పడినది జిల్లాలలోని సాధారణ ముస్లిములు. సైనిక చర్య సమయంలోను, తరువాతను ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలలో పెద్దయెత్తున హత్యలు, లూటీలు జరిగాయి. ప్రధాని నెహ్రూ కోరికపై పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ 1948 నవంబరు, డిసెంబరు నెలలలో పర్యటించి నివేదిక ఇచ్చారు. మృతుల సంఖ్య తక్కువలో తక్కువ 27,000 నుండి 40,000 వరకు ఉండవచ్చునని అందులో అంచనా వేశారు. ఆ నివేదిక దశాబ్దాలపాటు వెలుగుచూడలేదు. చంపినవారు మరణించినవానిని నీవు రజాకారువా, విలీనవాదివా అని అడుగలేదు. అదే నివేదికలో హిందూ చేనేతవారు తోటి ముస్లిం చేనేతవారిని కాపాడిన సందర్భాలు కూడా ఉన్నవి. వృత్తిబంధం మతంకంటె బలంగా నిలచిన అరుదైన ఉదాహరణ ఇది.

సైన్యంలో కొలువు కొరకు వచ్చి స్థిరపడిన అరబ్బులు, పఠానులు మరొక విధమైన చిక్కులో పడ్డారు. తరతరాలుగా ఇక్కడ పుట్టి పెరిగినప్పటికీ వారిని విదేశీయులుగా పరిగణించి, చాలామందిని నిర్బంధించి, వారి పూర్వికుల దేశాలకు పంపివేయుటకు ప్రయత్నాలు జరిగాయి. నిజాము కాలంలో ముల్కీగా చెల్లినవాడు కొత్త రాజ్యంలో పౌరుడా కాదా అనే ప్రశ్న వచ్చినది. ఈ పంపివేత పూర్తిగా సాగలేదు. బార్కాస్‌లో హద్రమౌత్ సంతతివారు నేటికీ నివసిస్తున్నారు.

జాగీరుల రద్దు, సైన్యం రద్దు, పాలనాభాష మార్పు వలన పాతబస్తీలో దర్బారుపై ఆధారపడిన కుటుంబాలు ఆదాయం కోల్పోయాయి. ఈ నష్టం రాజభక్తులకు, విలీనవాదులకు, హిందూ కాయస్థులకు, ముస్లిం జాగీర్దార్లకు ఉమ్మడిగా తగిలినది.

ఎన్నికలలో విధేయతలు

విధేయతలు రాతిమీద గీతలు కావని తరువాతి ఎన్నికలు చూపినవి. 1952లో జరిగిన తొలి సాధారణ ఎన్నికలలో మొఘల్‌పురా ప్రక్కనున్న శాలిబండ నుండి కాంగ్రెసు అభ్యర్థిని మాసూమా బేగం హైదరాబాదు శాసనసభకు ఎన్నికయ్యారు. ఆమె ఉత్తరాది నుండి వచ్చి నిజాము కొలువులో పెద్దపదవులు నిర్వహించిన బిల్‌గ్రామీ వంశానికి చెందినవారు. రజాకార్ల పాలన ముగిసిన నాలుగేళ్ళలోపే పాతబస్తీ ఓటర్లు ఒక ముస్లిం మహిళను కాంగ్రెసు తరఫున గెలిపించారు. ఆమె 1957లో పత్తర్‌గట్టి నుండి ఎన్నికై, ఆ తరువాత ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గంలో చేరారు. అప్పటివరకు అజ్ఞాతంలోను, జైలులోను గడిపిన మఖ్దూం కూడా 1952లోనే హుజూర్‌నగర్ ఉపఎన్నికలో గెలిచి శాసనసభలో అడుగుపెట్టాడు. ఇంతలో మజ్లిస్ భారతరాజ్యాంగాన్ని అంగీకరించి, అబ్దుల్ వాహెద్ ఒవైసీ నాయకత్వంలో పునరుద్ధరించబడినది. 1962లో అతని కుమారుడు సలావుద్దీన్ ఒవైసీ పత్తర్‌గట్టిలో మాసూమా బేగంను ఓడించాడు.

సెప్టెంబరు 17 పేరు వివాదం

ఆ నాటి చీలిక నేటికీ ఒక తేదీ పేరులో మిగిలి ఉన్నది. సెప్టెంబరు 17ను కొందరు విమోచన దినమని, కొందరు విలీన దినమని, కొందరు విద్రోహ దినమని అంటారు. కమ్యూనిస్టులు సాయుధపోరాట వారోత్సవాలు జరుపుతారు. 2022లో కేంద్రప్రభుత్వం హైదరాబాదు విమోచన దినోత్సవంగాను, తెలంగాణ రాష్ట్రప్రభుత్వం జాతీయ సమైక్యతా దినోత్సవంగాను ఒకే రోజున ఒకే నగరంలో వేర్వేరు సభలు జరిపాయి. 2024లో రాష్ట్రప్రభుత్వం దానిని ప్రజాపాలన దినోత్సవంగా జరిపినది.

ఒక్కొక్క పేరు వెనుక ఒక్కొక్క కుటుంబపు జ్ఞాపకం ఉన్నది. రజాకార్ల దాడిలో ఇల్లు కోల్పోయినవారికి అది విమోచన. సైనిక చర్య తరువాత తండ్రిని కోల్పోయినవారికి ఆ మాట పలకడం కష్టం. షోయబుల్లాఖాన్, ఫరీద్ మీర్జా వంటివారు ఈ రెండు జ్ఞాపకాలలో దేనిలోనూ పూర్తిగా ఇమడరు. తమవారనుకొన్నవారు ద్రోహులన్నారు. విజేతలు కొంతకాలం తలచుకొని మరచిపోయారు. 1947-48 నాటి హైదరాబాదును మతాల లెక్కతో మాత్రమే చదివితే మొదట కనుమరుగయ్యేది ఇటువంటివారే.